‘చేయి’ పూర్వచరిత్ర

రాజులకును, కోటలకును, దేవాలయములకును చరిత్ర యున్నదని యెల్లవారు నెఱుగుదురు. నిత్యము నోటినుండి వెడలు మాటకును చరిత్ర గలదని తలచువారు కొందఱే. పొలములో అక్షరములున్న రాయి దొరకినచో దానిని భద్రపఱుతుము. ఆ రాతికంటె పెక్కు శతాబ్దములు ప్రాచీనమైన మాట యింటిలో వినబడినచో దానిని గమనింపను గమనింపము. ఒక్కొకప్పుడు అది పామరుల పలుకని బిడ్డను మందలింతుము. నంద్యాల జిల్లాలోని పగిడ్యాల మొదలుకొని రాయలసీమ పల్లెలందు పెక్కింట సేద్యము చేయువారు ‘చేయి’ అనుటకు ‘సెయ్యి’ అనియు, ‘చెవి’ అనుటకు ‘సెవి’ అనియు పలుకుట వినవచ్చును. బడిలో ఆ మాట పలికిన పిల్లవానిని జూచి తోడివారు నవ్వుదురు. ఆ నవ్వునకు భాషాచరిత్రయం దేమైన ఆధారమున్నదా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇందులకు ‘చేయి’ అను నొక్క మాటను దీసికొని దాని పుట్టుక నరయుదము.

మన వ్యాకర్తలు తెలుగుమాటలను తత్సమములు, తద్భవములు, దేశ్యములు, గ్రామ్యములు అని విభజించిరి. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరియు నీ విభాగమునే యనుసరించెను. ఈ లెక్కను హస్తము, కరము తత్సమములు, చేయి దేశ్యము. చేయియే కాదు. తల, కన్ను, చెవి, ముక్కు, నోరు, పన్ను, నాలుక, వ్రేలు, గోరు, కాలు అను మాటలన్నియు దేశ్యములే. తల్లి బిడ్డకు మొట్టమొదట నేర్పునవి యివియే. శిరస్సు, నేత్రము, కర్ణము అనునవి తరువాత చదువుతో వచ్చును. అయినను సంస్కృతపదమునకు ధాతువును వ్యుత్పత్తిని జెప్పి గౌరవించిన మనవారు దేశ్యమును ‘దేశమునందున్న మాట’ యని చెప్పి యంతటితో విడిచిపెట్టిరి. చరిత్ర చెప్పబడని మాటకు చరిత్ర లేదని క్రమముగా నొక భ్రమ యేర్పడినది. వంశవృక్షము వ్రాసికొనని కుటుంబమునకు పూర్వులు లేరనుట యెట్టిదో యిదియు నట్టిదే.

ఈ భ్రమ క్రొత్తది కాదు. 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు తంత్రవార్తికమున దీనిని ప్రస్తావించెను. ద్రావిడాదిభాషల మాటలను కొందఱు తమ యిచ్చవచ్చినట్లు సంస్కృతముగా దిద్ది వానికి సంస్కృతార్థములను గల్పించుచున్నారని యత డాక్షేపించెను. అతడు చూపిన యుదాహరణములలో శరీరావయవము పేరొకటి యున్నది. కడుపునకు దక్షిణదేశీయులు ‘వైర్’ అందురు. నేటి తమిళమున నది ‘వయిఱు’. దానిని ‘వైర’ మని మార్చి, ఆకలిగొన్నవానికి కడుపే శత్రువు గాన ఆ పేరు వచ్చినదని సమర్థించుట సాగినదట. పామునకు జెప్పు ‘పాంప్’ అను మాటను పాపమని మార్చుటయు నట్టిదే. చమత్కారము వేఱు, చరిత్ర వేఱు అని పదుమూడు శతాబ్దములకు పూర్వమే యొక పండితుడు గుర్తించుట మనకు గర్వకారణము. ఆ హెచ్చరికను తరువాతివారు మఱచుట మాత్రము విచారకరము.

1814లో శ్రీరామపురమున ప్రకటింపబడిన విలియం కేరీ తెలుగు వ్యాకరణమునకును సంస్కృతమే దక్షిణభాషలకు మూలమను తలంపు ఆధారము. రెండేండ్లకే, 1816లో, ఏ. డి. కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణము చెన్నపట్టణమున అచ్చయ్యెను. దానికి చేర్చిన యొక టిప్పణమున చెన్నపట్టణపు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు తమిళ కన్నడములు సంస్కృతజన్యములు గావనియు, అవి తమలో దాము తోబుట్టువులనియు ధాతువుల పట్టికలతో నిరూపించెను. ఈ నిరూపణమున కతనికి తోడ్పడినది కళాశాలలో సంస్కృతాంధ్రములు బోధించుచుండిన పట్టాభిరామశాస్త్రిగారి ధాతుసంగ్రహము. కీర్తి దొరకు గూడినను, పనిలో మన పండితుని పాలు గొప్పది. తరువాత కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. బరో, ఎమెనో పండితులు 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును, 1984లో దాని సంస్కృతప్రతిని వెలువరించిరి. తెలుగువాడైన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) 1961లో తెలుగు ధాతువులపై గ్రంథమును, 2003లో ద్రావిడభాషల సమగ్రచరిత్రను రచించి యీ శాస్త్రమున ప్రమాణపురుషుడయ్యెను. ఇట్టివారి కృషివలన దేశ్యమునకును పూర్వరూపమును జెప్ప గలుగుచున్నాము.

ఆ పద్ధతి యెట్టిదో చేయియందే చూతము. మనము చేయి, చెయ్యి అందుము. తమిళ మలయాళములలో నిది ‘కై’. కన్నడమున ‘కయ్’, ‘కై’. తుళువున ‘కై’. గోండీలో ‘కయ్’, బస్తరు ప్రాంతపు పర్జీలో ‘కెయ్’, మన కొండలయందలి కువిలో ‘కేయు’, కొండభాషలో ‘కియు’. ఛోటానాగపూరునందలి కురుఖ్ భాషలో ‘ఖెఖ్ఖా’. ఇన్ని భాషలందు కకారమో దానికి దాపుధ్వనియో యుండ తెలుగున మాత్రము చకారము. కావున వీరందఱు విడిపోకముందు పలికిన మాట ‘కయ్’ అని పండితులు నిర్ణయించిరి. ఇది యే శాసనమునందును జూడబడినది కాదు, అనుమానప్రమాణముచే సాధింపబడినది. అందుచేతనే శాస్త్రగ్రంథములలో నిట్టి రూపమునకు ముందు నక్షత్రపు గుర్తు నుంచుదురు. చెవికి మూలరూపము ‘కెవి’. దాని తోబుట్టువు ‘ఖఫ్’ అను రూపమున బలూచిస్థానమునందలి బ్రాహుయీ భాషలో నేటికిని నిలిచియున్నది.

ఎక్కువమంది పలికినదే మూలరూపమని యోట్లు లెక్కించి తీర్పు చెప్పుట శాస్త్రము కాదు. మార్పునకు కారణమును నియమమును జూపవలెను. కకారము నాలుక వెనుకభాగమున పుట్టును. ఇ, ఎ అను స్వరములు నాలుక ముందుభాగమున పుట్టును. ఒకదానివెంట నొకటి పలుకునప్పుడు నాలుక ముందుగనే సాగి కకారమును దౌడలవైపు లాగును. అది కాలక్రమమున చకారమగును. కన్నడ మీ మార్పు నొందలేదు, తెలుగు నొందినది. కావున కన్నడపు కివి మనకు చెవి. కిఱు మనకు చిఱు. కెడు మనకు చెడు. గిళి మనకు చిలుక. గెయ్ మనకు చేయు. కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు దాటి పడమటికి బోవువారికి నిత్యము వినబడు భేదమే యిది. విన్నవారు పెక్కుమందియే, అది యాదృచ్ఛికము గాక యొక నియమమని యెఱిగినవారు తక్కువ.

ఈ నియమము మన దేశమునకే పరిమితమైనది కాదు. లాటినున నూఱునకు ‘కెంతుం’ అనిరి. దాని బిడ్డయగు ఇటాలియనున అది ‘చెంతో’ యయ్యెను. రష్యా, పోలండు మొదలగు దేశముల స్లావుభాషలకు తల్లియైన ప్రాచీనభాషలో కంటికి ‘ఓకో’ అని పేరు. అది యొకటికంటె ఎక్కువైనప్పుడు ఇకారము చేరి ‘ఓచి’ యయ్యెను. సంస్కృతమునందును నిదర్శనమున్నది. కృ ధాతువునకు ‘చకార’ అని రూపము వచ్చునని, అభ్యాసమున కకారము చకారమగునని పాణిని విధించెను. ఎందుకగునో 1870ల నాటి పరిశోధకులు కనుగొనిరి: ఆ యక్షరమునందలి అకారము పూర్వము ఎకారము. ఎకారము తన ముందున్న కకారమును చకారముగ మార్చి, పిదప తాను అకారమైనది. సంస్కృతమును తెలుగును వేఱువేఱు కుటుంబములవే. పలుకు నాలుకలు మాత్ర మొకటే.

ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. ఎకారమునకు ముందుగదా కకారము మారవలెను. ‘కయ్’ అనుదానిలో నున్నది అకారము, అది యేల మాఱవలెను? దీనికి సమాధానము నాలుగు మాటలను సరిపోల్చిన దొరకును. చేయి, చేదు, చేయు, చేను అనునవి నాలుగును మనకు ‘చే’తో మొదలగును. తమిళమున నివి రెండు తెగలగును. చేయికి ‘కై’, చేదునకు ‘కైప్పు’. చేయుటకు ‘చెయ్’, చేనునకును ‘చెయ్’. తమిళముకూడ ఎకారమునకు ముందు కకారమును మార్చినదే. అది చేయు, చేనులలో మార్చి, చేయి, చేదులలో మార్చకుండుటచే, మొదటి జంటలో పూర్వమెకారము, రెండవ జంటలో పూర్వమకారము ఉండెనని తేలుచున్నది. తెలుగున యకారము దాపున నున్న అకారము తొలుత ఎకారమైనది: ‘కయ్’ ‘కెయ్’ అయ్యెను. అటుపిమ్మట కకారము చకారమైనది: ‘కెయ్’ ‘చెయ్’ అయ్యెను. రెండవ మార్పు ముందే ముగిసియున్నచో నేడు మనము ‘కేయి’ అనుచుందుము. ఇట్లొక చిన్నమాటలో రెండు మార్పులును, వాని వరుసయు భద్రముగ నున్నవి.

దీనివలన నొక ప్రసిద్ధమైన యూహ తొలగిపోవును. చేయునది గనుక చేయి యని పెక్కురు తలతురు. వినుటకు సొంపుగనే యుండును. కాని తమిళమున ‘కై’ వేఱు, ‘చెయ్’ వేఱు. కన్నడమున ‘కై’ వేఱు, ‘గెయ్’ వేఱు. తెలుగున రెండును దగ్గఱగా వచ్చుట మార్పులవలన గలిగిన సామ్యమే గాని రక్తసంబంధము కాదు. కడుపు వైరియను వ్యుత్పత్తివలెనే యిదియు చమత్కారమే.

అట్లని పనినిబట్టి అవయవమునకు పేరు రానే రాదని చెప్పరాదు. స్లావుభాషలే యిందుకు సాక్ష్యము. రష్యనున చేతికి ‘రుకా’, పోలిషున ‘రెంక’, వానికి దగ్గఱచుట్టమైన లిథువేనియనున ‘రంకా’. వీనిని బట్టి స్లావుల మూలభాషలో రకారముమీది స్వరము ముక్కుతో పలుకబడెనని నిర్ణయించిరి. పోలిషు ఆ యనునాసికము నిలుపుకొన్నది, రష్యను విడిచినది. తమిళపు ‘మూన్ఱు’ నందలి నకారము తెలుగు ‘మూఁడు’ నందు అరసున్నగా మిగిలి, నేటి నోటిలో నదియు లేకపోవుట యిట్టిదే. లిథువేనియనున ‘రింక్తి’ యనగా ఏరుట, కూర్చుట. కావున స్లావులకు చేయి యనగా ఏరునది. సంస్కృత హస్తమునకును గ్రీకు ‘ఖెయిర్’ నకును సంబంధించిన ప్రాచీననామమును విడిచి వారీ క్రొత్తపేరును గైకొనిరి. అక్కడ క్రియకును అవయవమునకును గల సంబంధము పరీక్షకు నిలిచినది, తెలుగున నిలువలేదు. రెండు మాటల పోలికను జూచి సంబంధము చెప్పుట సులభము. తోడిభాషలను సాక్ష్యమడిగిన తరువాతనే నమ్మవలెను.

మార్పు జరిగిన కాలమును గూర్చి యించుక చెప్పవలెను. కర్నూలు జిల్లాలో పత్తికొండ ప్రాంతమునందలి ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దపు అశోకుని ధర్మశాసనములున్నవి. అందు రెండవ శాసనమున చోళ పాండ్యులతోబాటు కేరళపుత్రుల పేరు కకారముతో గలదు. తరువాతి సంగకాలపు తమిళ కావ్యములలో ఆ రాజవంశమే ‘చేర’ యని చకారముతో గనబడును. దీనినిబట్టి తమిళమున మార్పు ఆ నడుమ జరిగినదని భాషావేత్తలు తలతురు. ఇది తమిళపు సాక్ష్యము. తెలుగు మార్పు వేఱుగా జరిగినది. ఏలనన మనకు మిగుల దగ్గఱవైన గోండీ, కువి, కొండభాషలలో కకారము చెడక నిలిచియున్నది. వారినుండి విడివడిన పిదపనే మనమీ మార్పు నొందితిమి. 11వ శతాబ్దమున నన్నయ భారతము రచించునాటికి చేయి, చెవి యను రూపములు స్థిరపడియే యున్నవి.

పాతరూపముల జాడలు కావ్యభాషలో కొన్ని మిగిలియున్నవి. కైకొనుట, కైవసము, కైమోడ్పు అను మాటలలో ‘కై’ యున్నది. ఎఱుపునకు సంబంధించిన చెందామరలో చకారము, కెంపులో కకారము గలవు. నియమమునకు లోబడని యిట్టి రూపములు పొరుగుభాషనుండి వచ్చినవో, నియమము సాగు కాలము ముగిసిన పిదప నేర్పడినవో యై యుండవలెను. కెంపు కన్నడపు నడక గలది. ఇక చేయి తాను స్వతంత్రపదముగా నుండుటయే గాక వ్యాకరణమునందును బ్రవేశించినది. ‘రామునిచేత’ అనునప్పటి తృతీయావిభక్తి యీ చేయియే. పనిచేసిన చేయి, క్రమముగా, పనిచేసినవానిని జూపు ప్రత్యయమైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ‘సెయ్యి’ అనువారు మాటను జెఱచుచున్నారా? నూఱునకు లాటినున ‘కెంతుం’, ఇటాలియనున ‘చెంతో’ యని చెప్పితిమి. ఫ్రెంచియం దాదిలో సకారము వచ్చి ‘సాఁ’ అని పలుకబడుచున్నది. క, చ, స అనునవి యొకే మార్గమందలి మూడు మజిలీలు. లాటినువాడు వినినచో ఇటాలియనుని వలెనే ఫ్రెంచివానిని గూడ జూచి నవ్వవలసినదే. తెలుగునను ‘కయ్’ మొదటి మజిలీ, ‘చేయి’ రెండవది, ‘సెయ్యి’ మూడవది. ‘సెయ్యి’ అపభ్రంశమన్నచో ‘చేయి’యు నపభ్రంశమే. ‘కెయ్’ అను తాతలు, తొలిసారి ‘చెయ్’ అన్న మనుమలను మందలించియే యుందురు. ఆ మనుమల పలుకే పిదప నన్నయకు కావ్యభాషయైనది. కావున పల్లెవాని పలుకు చదువుకొన్నవాని పలుకునకు చెడిన రూపము గాదు. అదే దారిలో నింకొక యడుగు ముందున్న రూపము.

అట్లయిన నెవరి పలుకు వారు వ్రాయవచ్చునా, బడిలో ప్రమాణరూప మక్కఱలేదా యని కొందఱడుగవచ్చును. ప్రమాణరూపము కావలసినదే. నంద్యాలవాడు వ్రాసినది శ్రీకాకుళమువాడు సులభముగ జదువుటకును, నేడు వ్రాసినది రేపటివా రెఱుగుటకును వ్రాతకొక కట్టుబాటు వలయును. కాని కట్టుబాటు సౌకర్యమునకు గాని తారతమ్యమునకు గాదు. తూకపురాళ్ళు అంగళ్ళన్నిట నొక్కటిగా నుండవలెనందుము. అంతమాత్రమున ఇంట దోసిటితో గొలుచు తల్లిని తెలివిమాలినదనము. ఉపాధ్యాయుడు ‘వ్రాతలో చేయి యని వ్రాయుము’ అని చెప్పవచ్చును. ‘మీ యింటివారికి మాట రాదు’ అని చెప్పరాదు. మొదటిది విద్య, రెండవది యవమానము. తన తల్లి పలుకు సిగ్గుచేటని నమ్మిన బిడ్డ బడిలో నోరు తెఱచుటకే జంకును. అట్టివానికి ప్రమాణభాషయు నబ్బదు.

కొండలయందలి వారి విషయమున మన యపరాధ మింకను పెద్దది. గోండులు, కువివారు పలుకు మాటలను మోటభాషయని మనము చిరకాలము దలచితిమి. వారి ‘కయ్’, ‘కేయు’ అను రూపములలో మనము పోగొట్టుకొన్న కకారము భద్రముగ నున్నది. అవి లేకున్నచో మన మాట చరిత్ర మనకు దెలిసెడిదే కాదు. అయినను భాషాబంధుత్వము రక్తబంధుత్వమని పొరబడరాదు. ఒక జాతి యితరుల భాషను గైకొనుట చరిత్రలో సాధారణము. బంధువులైనచోనే గౌరవింపవలెననుటయు ధర్మము కాదు. గిడుగు రామమూర్తి (1863–1940) నేర్చి, వ్యాకరణము రచించిన సవరభాష మన భాషకు చుట్టము కాదు, ముండాకుటుంబమునకు జెందినది. అయినను ఆ మహాశయుడు దానికై తన జీవితమున పెక్కేండ్లు వినియోగించెను. మనుష్యులు పలుకుచున్నారనుటయే యొక భాషను గౌరవించుటకు జాలిన కారణము.

చదువుకొన్న గృహస్థులు చేయదగిన పని యొకటి గలదు. ఇంటి పెద్దలు, పనివారు, పొలమువారు పలుకు మాటలను విన్నవి విన్నట్లు, దిద్దక, ఊరిపేరుతో సంవత్సరముతో నొక పుస్తకమున వ్రాసియుంచవలెను. అవయవముల పేర్లు, చుట్టరికములు, పంటలు, పనిముట్లు, పశువుల పిలుపులు మొదట వ్రాసికొనదగినవి. అట్టి పట్టికలనుండియే పండితులు ‘కయ్’ అను రూపమును మరల బడసిరి. పగిడ్యాలలోని ముసలమ్మ పలుకు ‘సెయ్యి’ కూడ ఆ పట్టికలో నొక వరుసకు దగినదే. దానిని జూచి నవ్వుటకు ముందు, మన నోటనున్న ‘చేయి’ యెట్లు వచ్చినదో బిడ్డలకు జెప్పుదము.